రాక్షసికి వంకాయ రంగు

మామగారు మెట్లెక్కి మేడ గదిలోకి వచ్చేలోగా ఒక బండిని దాచెయ్యాలి, దాని స్థానంలో ఇంకో బండిని పెట్టాలి. అల్లుడు సరిగ్గా ఆ పనిలో ఉండగా భార్య గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"అంటే మా నాన్నని మోసం చేస్తున్నారన్నమాట," అంది.

"మోసమేంటి? ముందుజాగ్రత్త."

"ఆ ముక్కేదో ఆయన ముందు అనండి చూద్దాం."

ఆ రెండూ జానెడు పొడవున్న మోడల్ కార్ల బాడీలు. ఇంకా చక్రాలు, సీట్లు, అద్దాలు ఏవీ బిగించలేదు. రెంటికీ అసలు రంగుకు ముందు వేసే బూడిద రంగు ప్రైమరు కొట్టి ఉంది. పక్కపక్కన పెడితే ఏది ఏదో ఎవరూ ఆనవాలు పట్టలేరు. కానీ ఒకటి అల్లుడి ప్రాణం, రెండోది డమ్మీ. ప్రాణాన్ని అట్టపెట్టెలో పెట్టి బీరువా మీదికి తోశాడు. డమ్మీని బల్ల మీద ఉంచాడు.

ఈ అల్లుడి సంగతి కొంచెం చెప్పాలి. పగలంతా అతని పని పళ్లు చెయ్యడం. అలాగని పళ్ల డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చు తీసి పంపిస్తే, ల్యాబులో కూర్చుని దానికి సరిపడే పన్ను చేసి ఇస్తాడు. ఇంటికొచ్చాక అవే బుల్లి డ్రిల్లులతో, అవే మైనం కత్తులతో కార్లు చెక్కుతాడు. అందులోనూ ఏ కారు పడితే ఆ కారు కాదు. మజిల్ కార్లని పాతకాలపు బండ్లున్నాయే, పొడుగాటి బానెట్టు, రెండే తలుపులు, అవసరానికి మించిన ఇంజను, అవే కావాలి. పిల్లలాడుకునే బొమ్మలనుకునేరు. ముక్కలుగా పెట్టెలో వచ్చే కిట్లవి. కోసి, అరగదీసి, అతికించి, మనకు కావలసిన బండిగా మార్చుకోవాలి. అందులో పడ్డవాడు ఇక ఇంటికీ కాడు, ల్యాబుకీ కాడు.

మామగారు పనిచేసింది ఒక కార్ల షెడ్డులో. పెయింటరుగా జన్మంతా అందులోనే అరిగిపోయారు. వయసులో ఉన్నప్పుడు ఒక మజిల్ కారుకు ముదురు వంకాయ రంగు కలిపి వేశారట. ఎండలో నిలబెడితే ఆ రంగు లోపల్నుంచి వెలిగేదట. దాని చప్పుడుకు షెడ్డులో వాళ్లంతా దాన్ని రాక్షసి అనేవారు. "పెళ్లైన కొత్తలో ఆయన గోళ్ల నిండా ఆ వంకాయ రంగే. నాకు సవతి ఎవరైనా ఉందంటే అది ఆ రాక్షసే," అని అత్తగారు ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. అసలు బండి ఎప్పుడో తుక్కు కిందకి పోయింది. ఆ రంగు ఎలా కలపాలో తెలిసిన మనిషి మామగారొక్కరే మిగిలారు.

అందుకే అల్లుడు ఒకరోజు ఊరికే ఉండలేక మాటిచ్చేశాడు. "రాక్షసిని నేను చేస్తాను మామయ్యగారూ. రంగు మాత్రం మీరే వెయ్యాలి."

మాట ఇవ్వడానికి ఏం, నోరుంటే చాలు. కిట్టు దొరకొద్దూ? ఆ నమూనా తయారీ ఎప్పుడో ఆగిపోయింది. తిరగని దుకాణం లేదు, రాయని మనిషి లేడు. చివరికి ఒక గడియారాల మెకానిక్కు దగ్గర ఒకటుందని తెలిసింది. ఆయన అమ్మనన్నాడు, మార్పిడి అయితే సరేనన్నాడు. అల్లుడు ఏళ్ల తరబడి విప్పకుండా దాచుకున్న తన కిట్లన్నీ సంచుల్లో మోసుకెళ్లి ఆయన ముందు పోసి, ఎలకలు మూత కొరికిన ఆ ఒక్క పెట్టెనీ తెచ్చుకున్నాడు. తీరా చూస్తే అది రాక్షసి తర్వాత వచ్చిన నమూనా. పైకప్పు నిటారుగా ఉంది. రాక్షసి కప్పు వెనక్కి వాలి ఉంటుంది. ఆ కప్పు కోసేసి, ఇంకో విరిగిన కారు కప్పు తెచ్చి అతికించాడు. బానెట్టు మీద గాలి పీల్చే మూపురాన్ని పళ్లు చేసే పదార్థంతోనే చెక్కాడు. అతుకులన్నీ పుట్టీతో పూడ్చి, గోరు తగలనంత నున్నగా రుద్దాడు.

ఇదంతా అయ్యేసరికి మామగారి కుడిచెయ్యి వణకడం మొదలైంది.

మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు షెడ్డులో, కస్టమరు చూస్తుండగా, ఓనరు వచ్చి ఆయన చేతిలోంచి స్ప్రే గన్ను తీసుకుని ఇంకొకరి చేతిలో పెట్టాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి మళ్లీ షెడ్డు వైపు వెళ్లలేదు, రంగు మాటెత్తలేదు. అలాంటిది, బాడీ తయారైందని విన్నప్పటి నుంచి ఆయన కూనిరాగాలు తీస్తున్నారు.

"నాన్న పొద్దున్నే గెడ్డం గీసుకున్నాడు," అంది భార్య. "పెళ్లికి వెళ్తున్నట్టు తయారయ్యాడు. మీరేమో డమ్మీ పెడుతున్నారు."

"మరి నన్నేం చెయ్యమంటావు? అదొక్కటే ఉంది. మామూలు బాడీ అయితే రంగు చెడినా ద్రావణంలో నానబెట్టి కడిగెయ్యొచ్చు. దీన్ని నానబెడితే కప్పొకచోట, మూపురమొకచోట ఊడొస్తాయి. ఆదివారమే మోడల్ కార్ల ప్రదర్శనలో దీన్ని పెట్టాలి. మళ్లీ ఎక్కడ తేను?"

అతని భయం అబద్ధం కాదు. ఆ మాట మనమూ ఒప్పుకోవాలి. పళ్లకు అచ్చు తీసినట్టే రాక్షసికి సిలికాన్‌తో అచ్చు తీసి, రెజిన్ పోసి చేసిందే ఆ డమ్మీ. తీస్తున్నప్పుడే అచ్చు చిరిగిపోయింది. డమ్మీ లోపలంతా మందం, బుడగలు. అద్దం కూడా పట్టదు. కానీ పైకి రాక్షసే. మామగారు డమ్మీకి రంగు వేస్తారు. అది చెడితే చెడుతుంది. మిగిలిన రంగుతో అసలుదానికి తనే వేసుకుంటాడు. ఆయనకు తెలియనే తెలియదు. ఎవరి మనసూ నొచ్చుకోదు. పథకం వేసేటప్పుడు ఇలాగే ఉంటుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. భార్య వెళ్లిపోలేదు. కిటికీ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

మామగారు వస్తూనే బల్ల మీది చిన్న స్ప్రే గన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇది గన్నా, పెన్నా? దీంతో రంగెయ్యాలా, సంతకం పెట్టాలా?" అన్నారు. అల్లుడు అవసరానికి మించి నవ్వాడు.

ఆయన రంగు కలపడం మొదలుపెట్టారు. ఊదా, చిటికెడు ఎరుపు, గోటి మీద పట్టేంత వెండి పొడి. కలుపుతుంటే పుల్ల గిన్నె అంచుకు తగిలి టకటకలాడింది. గదిలో ఇంకే శబ్దమూ లేదు. ముగ్గురూ ఆ టకటకే వింటున్నారు, ముగ్గురూ విననట్టు నటిస్తున్నారు. రంగును అట్టముక్క మీద కొట్టి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసి, ఇంకో చుక్క ఎరుపు వేశారు. అప్పుడు బాడీని చేతిలోకి తీసుకున్నారు.

తీసుకుని, తలుపు మీద గోటితో తట్టారు.

అది ఆయన అలవాటు. వీధిలో ఆగి ఉన్న ఏ కారునైనా తట్టి, ఇక్కడ రేకు, ఇక్కడ పుట్టీ అని చెప్పకుండా ముందుకు నడవరు. అల్లుడికి ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. మామగారు కప్పు మీద తట్టారు. బానెట్టు మీద తట్టారు. ఒకసారి అల్లుడి మొహం చూశారు. బాడీని స్టాండు మీద పెట్టి గన్ను ఎత్తారు.

స్ప్రే పనిలో మొదటి పాఠం ఒకటుంది. గన్ను బండికి ముందే మొదలవ్వాలి, బండి దాటాకే ఆగాలి. మధ్యలో ఆగిందంటే అక్కడ రంగు చిక్కబడి కారుతుంది. మామగారు కప్పుతో మొదలుపెట్టారు. గన్ను ఎత్తేదాకా వణికిన చెయ్యి, కదలడం మొదలయ్యాక వణుకుతోందో లేదో పక్కనుంచి తెలియడం లేదు. పొగలా రంగు దిగింది. బానెట్టు అయింది. వెనక భాగం అయింది. ఎడమ తలుపు దగ్గరకొచ్చేసరికి గన్ను ఆగింది. అందరూ చూసేటంతసేపు ఆగింది. తలుపు మధ్యలో రంగు ముద్దకట్టి, కిందికి బారుగా కారింది.

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుడు కిమ్మనలేదు. హమ్మయ్య, డమ్మీ పెట్టి మంచి పని చేశానని లోలోపల తనను తానే మెచ్చుకున్నాడు.

మామగారు మిగతాది పూర్తిచేసి గన్ను కింద పెట్టారు. "ఎలా ఉంది?" అన్నారు.

"బ్రహ్మాండంగా ఉంది మామయ్యగారూ."

"తలుపు?"

"ఆ... అదేముంది, కొంచెం. సర్దుకుంటుంది."

మామగారు స్టూలు మీద కూర్చున్నారు. "అల్లుడూ, బండి ఓనర్లు పక్కన నిలబడి ఉండగా ఎన్నో బండ్లకి రంగేశాను. చుక్క పక్కన పడితే వాళ్ల ప్రాణం పోయేది. నువ్వేంటి, ఎవరింటి గోడకో సున్నం వేస్తుంటే చూస్తున్నట్టు నిలబడ్డావు. ఇది నీ బండి కాదు."

అల్లుడి చూపు బీరువా మీదికి పోయింది.

"తట్టినప్పుడే అనుమానమొచ్చింది. ప్లాస్టిక్కయితే టిక్కుమనాలి. ఇది పుట్టీ పూసిన తలుపులా దబ్బుమంది. సరే, తేల్చుకుందామని తలుపు మీద ఆపి చూశాను."

"కావాలనే ఆపారా?"

"కావాలనే."

ఆయన కుడిచెయ్యి మోకాలి మీద వణుకుతూనే ఉంది. అల్లుడు ల్యాబు భూతద్దం తీసుకుని బాడీ అంతా వెతికాడు. కప్పు అద్దంలా ఉంది. బానెట్టూ అంతే. ఇన్నేళ్లలో తను ఎన్ని కార్లకు రంగు వేసినా నారింజ తొక్కలా గరుకు తేలేది తప్ప ఇలాంటి నునుపు ఒక్కదానికీ రాలేదు. కానీ వెనక మూల ఒకచోట చిన్న గరుకుంది. అది చెయ్యి వణికిందో, దుమ్ము పడిందో భూతద్దం చెప్పలేదు. తలుపు సంగతీ అంతే. కావాలనే ఆపారో, చెయ్యి ఆగిపోతే పరువు నిలుపుకోవడానికి ఆ మాటన్నారో ఎవరు తేలుస్తారు?

మామగారు లేచారు. "రంగు మిగిలింది. నీ బండికి నువ్వే వేసుకో. పల్చగా వెయ్యి, తొందరపడకు." ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అల్లుడు కాళ్లు పట్టుకునైనా బతిమాలుకునేవాడు. ఇది ఓనరు గన్ను తీసేసుకున్న రోజు ఇంటికొచ్చిన మనిషి గొంతు. ఇప్పుడు ఆ ఓనరు స్థానంలో ఉన్నది తనేనని తెలిసి అల్లుడు సిగ్గుతో చచ్చిపోయాడు.

కుర్చీ లాగి, ఎక్కి, బీరువా మీంచి పెట్టె దించాడు.

"కూర్చోండి మామయ్యగారూ."

మామగారు పెట్టె వంక చూశారు. బాడీని బయటికి తీసి తలుపు మీద తట్టారు. టిక్కుమంది. ఇప్పుడు భయపడ్డది ఆయనే. "వద్దులే," అన్నారు. "నిజంగా చెయ్యి జారిందేమో, నీకేం తెలుసు?"

"తెలీదు."

"తెలీకుండానే ఇస్తున్నావా?"

"మాటిచ్చాను కదా," అన్నాడు అల్లుడు.

మామగారు కూతురి వైపు చూశారు. ఆమె వచ్చి గన్నులో రంగు పోసింది.

"స్టాండొద్దు," అన్నారాయన. "పుల్లకి గుచ్చి నువ్వే పట్టుకో. నేను చెప్పినప్పుడు తిప్పు."

అల్లుడు తన కిట్లన్నీ, తన సెలవులన్నీ, తన ప్రాణాన్నీ ఆ పుల్ల చివర పెట్టి పట్టుకున్నాడు. గన్ను ఎత్తారు. కప్పు అయింది. అల్లుడు కళ్లార్పలేదు. బానెట్టు అయింది. వెనక మూల అయింది, గరుకు రాలేదు. "తిప్పు," అన్నారు. ఎడమ తలుపు ఎదురుగా వచ్చింది. గన్ను ముందు చక్రం చోటు దాటింది. తలుపు అంచుకు వచ్చింది. నెమ్మదించింది.

"మామయ్యగారూ!" అని అల్లుడు గావుకేక పెట్టాడు.

గన్ను ఆగలేదు. తలుపు మీదుగా, వెనక చక్రం చోటు మీదుగా, ఒకే ఊపులో బండి దాటిపోయి గాల్లో ఆగింది. తలుపు మీద వంకాయ రంగు తడితడిగా, నున్నగా మెరిసింది.

"ఆఁ. ఇదీ ఓనరంటే," అన్నారు మామగారు, తల తిప్పకుండా. "ఇక నోరు మూసుకుని సరిగ్గా పట్టుకో. నీ చెయ్యి వణుకుతోంది."