ఇంకొక్క దెబ్బ

దర్జీకి కూతురి జట్టులో చోటు కావాలి. కాలేజీలో చేరాక ఆ పిల్ల నాన్నతో మాట్లాడేది భోజనం దగ్గరే, మిగతా మాటలన్నీ తను ఆడే వీడియో గేమ్‌లోని స్నేహితులతోనే.

"ముందు మొదటి రాక్షసుణ్ణి చంపు నాన్నా, ఆదివారం ఆటకి నిన్నూ కలుపుకుంటాం" అంది.

ఆయన చంపలేదు, చచ్చాడు. మళ్లీ మళ్లీ చచ్చాడు.

"ఒక దెబ్బ కొట్టి వెనక్కి దూకు. రెండోదానికి ఆశపడకు."

"ఆశ సంగతి నాకు చెబుతున్నావా? దాన్ని తగ్గించమనే కదా రోజూ దేవుణ్ణి అడిగేది."

"ఎవరికి తగ్గించమని?"

దర్జీ మళ్లీ ఆట మొదలుపెట్టాడు. ఆయన అడిగేది తమ్ముడి కోసం, పక్క కొట్టువాడి కోసం. తన సంగతి దేవుడే చూసుకుంటాడులే అని వదిలేశాడు. పైగా మిషను తొక్కడం మొదలుపెడితే బట్ట చివరిదాకా కాలు ఆపని మనిషి. బటన్ మీద వేలు పడినా అదే తంతు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ ఉండగానే రాక్షసుడి గద నెత్తిన పడేది.

ఈసారి ఒక్కటి కొట్టి, రెండోది కొట్టాలని ఒళ్లంతా జిలపెడుతున్నా వెనక్కి దూకాడు. గద వట్టి నేలను కొట్టింది. అలాగే కొడుతూ, తగ్గుతూ వచ్చాడు. రాక్షసుడి ప్రాణం వెంట్రుకంత మిగిలింది. వెనక్కి దూకాల్సిన సమయంలో దర్జీ ఇంకొక్కటి కొట్టాడు. గద కూడా దిగింది. ఇద్దరూ ఒకేసారి కూలారు.

"ఇది గెలుపు కిందకి వస్తుందా?"

కూతురు పొట్ట పట్టుకుని నవ్వింది. "రాదు. అయినా రా. నా వెనకే ఉండు, నేను చెప్పేదాకా ఏదీ నొక్కకు."

దర్జీ బుద్ధిగా తలూపాడు. వేలు మాత్రం బటన్ మీదే ఉంది.