పేజీన్నర

“నీకెట్లాగు టికెట్ లేదు గదా, నువ్వే పోయి రారాదు?” అన్నారు జేమ్స్ గారు, చదివిన పేపరు మడుస్తూ. జేమ్స్ గారు నా భర్త. హైదరాబాదులో మా కోడలు రోజారాణి ఇంట్లో పనామె వచ్చే వారం నాలుగు రోజులు రాదని అప్పుడే ఫోను వచ్చింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన నాటి నుంచి మా ఇంట్లో ఒక మార్పు వచ్చింది. అంతకు ముందు నేను హైదరాబాదు వెళ్లాలంటే ఖర్చు అనే ప్రశ్న ఉండేది. ఆ ప్రశ్న నన్ను కొన్నిసార్లు కాపాడింది కూడా. ఇప్పుడు బియ్యం పంపాలన్నా, మనవడికి జ్వరం వచ్చినా, పనామె సెలవు పెట్టినా పెద్దపల్లిలో బస్సెక్కేది నేనే. ప్రయాణానికి వెల లేకపోయేసరికి ప్రయాణించే మనిషికీ లేకుండా పోయింది.

అయినా ఈసారి వెంటనే సరేనన్నాను. నగరంలో నాకూ ఒక పని ఉంది.

డెబ్బై ఏడులో నేను చరిత్రలో ఎం.ఫిల్. చేశాను. గోదావరి రేవుల్లో పడవలు నడిపినవారి మీద నూట అరవై పేజీల సిద్ధాంత వ్యాసం. అసలు ప్రతిని విశ్వవిద్యాలయానికి ఇచ్చాను, కార్బన్ ప్రతి నా పెట్టెలో పెట్టుకుని కాపురానికి వచ్చాను. జేమ్స్ గారు బడిలో హెడ్మాస్టరు, ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేవారు. టైపు ఒకవైపే ఉండటం చూసి, “ఎనుకంత ఖాళీగనే ఉంది గదా లిడియా” అని, ప్రసంగపు నోట్సు వాటి వెనక రాసుకోవడం మొదలుపెట్టారు. ఆరాధన అయ్యాక ఆ కాగితంతో పని ఉండేది కాదు. వారానికొక పేజీ చొప్పున మూడేళ్లలో నా వ్యాసం అయిపోయింది. ఆయనకు నా మీద కోపం లేదు, చిన్నచూపు కూడా లేదు. అక్కడ కాగితం ఉందనుకున్నారు, అంతే. అందువల్ల నాకు పోట్లాడటానికి చోటు దొరకలేదు. పోట్లాడనందువల్ల అది పోయిందని నేను కూడా గట్టిగా అనుకోలేదు. ఇప్పుడు డెబ్బై మూడేళ్లు వచ్చాయి. ఎడమ కన్ను పూర్తిగా మసక, కుడి కన్ను అదే దారిలో ఉంది. ఒకప్పుడు నేను నిజంగా ఆలోచించగలిగేదాన్నా, లేక అది నాకు నేను చెప్పుకుంటూ వచ్చిన మాటేనా అన్నది తేలాలంటే, చూపు ఉండగానే విశ్వవిద్యాలయంలో మిగిలిన ఆ అసలు ప్రతిని ఒక్కసారి చదవాలి.

అంతకు ముందు ఆరుసార్లు నగరానికి వెళ్లి ఆరుసార్లూ అక్కడి గ్రంథాలయం దాకా చేరలేకపోయాను. కారణం ఒక్కటే, ముందు ఇంటికి వెళ్లడం. అందుకని ఈసారి కోడలికి సాయంత్రం వస్తానని చెప్పి, తెల్లవారుజామున అయిదింటి బస్సు పట్టుకోవాలనుకున్నాను.

“గింత పొద్దుగాల ఎందుకు?” అన్నారు జేమ్స్ గారు.

“సీటు దొరుకుతది.”

“మరి ఐతారం నా బట్టలు ఎవలు ఇస్త్రీ చేస్తరు?”

చేసిపెట్టాను. నాలుగు రోజుల కూరలు వండి డబ్బాలకెత్తి, వారాల పేర్లు రాసి అంటించాను. గోలీలు పొద్దుటివి వేరుగా, రాత్రివి వేరుగా సర్దాను. మనవడికి సకినాలు చేశాను. బయల్దేరే ముందు మూడు రోజుల్లో నేను నిద్రపోయింది పది గంటలకు మించదు.

బస్సులో కాలు పెట్టే జాగా లేదు. “కార్డులు చేతుల వట్టుకోన్రి అవ్వా” అంటూ కండక్టరు సున్నా టికెట్లు చింపుతున్నాడు. వెనక నిలబడ్డ ఒకాయన, “ఆడోళ్లకు ఇగ ఊర్లు తిరుగుడే పని” అన్నాడు. నా పక్కన, ఒళ్లో పెసర్ల సంచి పెట్టుకున్న సత్తవ్వ అనే ఆమె తల కూడా తిప్పకుండానే బదులిచ్చింది.

“నా బిడ్డ బాలెంత. వండిపెట్టి, బట్టలు పిండ పోతున్న. నా బదులు నువ్వు తిరిగొస్తవా అన్నా?”

అందరూ నవ్వారు. నేను చుట్టూ ఉన్న ఒడులన్నీ చూశాను. ప్రతి ఒడిలోనూ ఎవరో ఒకరి కోసం ఒక సంచి ఉంది.

సిటీ బస్సు మారి, విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక మెట్టు మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది తిని, పదకొండున్నరకు గ్రంథాలయంలో నా పాత పట్టా చూపించాను. కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులో వెదికి, లోపలి గది నుంచి నల్ల అట్ట పుస్తకం తెచ్చింది. దుమ్ము తుడిచి, “ఇది మీరేనా అమ్మా?” అంది, నా పేరు చూపించి. అవునన్నాను.

మొదటి పేజీ చదివాను. బాగుంది. ఒక కారణం నుంచి మరొక కారణానికి అడుగు తప్పకుండా నడిచిన అమ్మాయి ఎవరో రాసింది. రెండో పేజీలో, వరద తగ్గాక రేవు ఎందుకు చోటు మారుతుందో చెప్పబోతోంది.

“అమ్మా, నాలుగున్నరయింది. పుస్తకం లోపల పెట్టాలె.”

ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసి ఉంది. నా చెంప పుస్తకం మీద ఉంది, రెండో పేజీ సగం తడిసింది. “మస్తు నిద్రల ఉన్నరు. లేపబుద్ధి కాలే” అంది, తప్పు చేసినట్టు. రేవు ఎందుకు చోటు మారిందో నాకు తెలియలేదు. ఒక రోజు ఖాళీ చేసుకోవడానికి మూడు రోజుల పని ముందే చేసిన మనిషికి, ఆ రోజు చేతికందాక మిగిలేది ఇదే. నెల తర్వాత వచ్చినా, ఏడాది తర్వాత వచ్చినా లెక్క మారదు.

చీకటి పడ్డాక ఇల్లు చేరాను. “అచ్చిండ్రా అత్తమ్మా, ఇగ నాకు ఫికర్ లేదు” అంటూ రోజారాణి నా చేతిలో సంచి అందుకుంది. సింకు నిండా గిన్నెలున్నాయి. కొంగు దోపుకుని నీళ్లు వదిలాను. తోముతుంటే ఒక సంగతి గమనించాను: మెడ నొప్పి లేదు, కళ్లు మండటం లేదు. పెళ్లయిన నలభై ఏడేళ్లలో నన్ను ఎవరూ పిలవకుండా గడిచిన అయిదు గంటలు అవే.

వచ్చే నెల మళ్లీ పంపిస్తారు. మళ్లీ ముందు గ్రంథాలయానికే వెళ్తాను. పుస్తకం మాత్రం అడగను, గోడ పక్కన కుర్చీ ఒకటి చూపించమంటాను.