బస్సు తప్పినోళ్ల ప్లేటు

రోజూ పొద్దున పదింటికి జయశీల జట్కా ఎక్కి, మైకులో రెండుసార్లు ఊది, బళ్లారి బజార్లన్నీ తిరిగేది. పద్మనాభ పబ్లిసిటీస్‌లో గొంతు ఆమెది, రాత పద్మనాభది. చీరలంగడికీ, చెప్పులంగడికీ, కొత్తగా పెట్టిన పిండిమరకీ ఆమే పలికేది. పగలంతా ఆ మాటలు ఎండతోపాటు రాతిగోడల్లోకి ఇంకిపోయేవి. పొద్దు గూకినాక గోడలు వేడితోపాటు మాటల్నీ వదిలేవి. జనం వాకిట్లో నీళ్లు చల్లుకుని, చాపలేసుకుని వినేవాళ్లు. నిజమైన మాట ఏళ్ల తరబడి పలికేది. అబద్ధాన్ని రాయి పట్టదు. మధ్యాహ్నానికే సున్నం పెచ్చుల్లా రాలిపోయేది.

ఆ ఎండాకాలం రుద్రమ్మ వాళ్ల ఆఫీసుకొచ్చింది. బస్టాండు ఎదుట ఆమెకో చిన్న ఉగ్గాని అంగడి, నానేసిన బొరుగుల తాలింపు అమ్మేది. పక్కన పెద్ద హోటలు పెట్టినప్పటి నుంచీ బెంచీలు ఖాళీ. చోటు కోదండరామిది. "జనం రాని అంగడి నాకేటికి? అమాస దాటినాక క్యాసెట్లోళ్లకు ఇస్తాండా" అని చెప్పేశాడు. అమాసకు వారమే ఉంది.

పద్మనాభ గబగబా రాశాడు: 'దక్షిణ భారతంలోనే నెంబర్ వన్ ఉగ్గాని!' జయశీల రెండు రోజులు పలికింది. రెండు రోజులూ వీధంతా పెచ్చులే.

"ఏంది పాపా ఇది?" అంది రుద్రమ్మ చీపురు పట్టుకుని. "మీ పబ్లిసిటీ ఊడ్చేదానికే నా పొద్దు సరిపోతాండాది."

జయశీలకు తల కొట్టేసినట్టయింది. మూడోరోజు జట్కా ఎక్కకుండా వెళ్లి ఆ బెంచీ మీదే కూర్చుంది. ఉగ్గాని బాగుంది. ఊళ్లో ఎవరిది బాగుండదు? దీపాలు పెట్టేవేళ రుద్రమ్మ పొయ్యి ఆర్పి, ఒక ప్లేటు నింపి, మూతేసి పక్కన పెట్టింది.

"ఎవరికక్కా?"

"నాకేం తెలుసు? తెక్కలకోట ఆఖరు బస్సు తప్పినోళ్లు ఒకరైనా ఉంటారు కదా. ఆకలితో యాడ పండుకుంటారు?"

"రోజూ పెడతావా?"

"పద్నాలుగేండ్లాయ. ఎవురూ రాకుంటే నేనే తింటా. చూడు, ఎట్ల లావైనానో!"

"ఈ మాట మాకు చెప్పలేదేం?"

"ఇదీ చెప్పుకునేదా, పోవే!"

మర్నాడు పద్మనాభ తన కాగితం తనే చింపేశాడు. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి జయశీల అదొక్కటే పలికింది: "తెక్కలకోట బస్సు తప్పినోళ్లకు రుద్రమ్మ ఒక ప్లేటు మూతేసి పెట్టింటాది." ఒక్క పెచ్చు రాలలేదు. సాయంత్రం ఊరి గోడలన్నీ, పక్కింటామె గుట్టు చెప్పినట్టు, మెల్లగా చెప్పాయి. ఒకరిద్దరు వచ్చారు. మర్నాడు బెంచీ నిండింది.

అయినా క్యాసెట్లోళ్లకు ఇచ్చిన మాట ఇచ్చిందే అన్నాడు కోదండరామి. అమాస మర్నాడు పొద్దు గూకినాక బతిమాలుదామని జయశీల వాళ్లింటికి వెళ్లేసరికి, అతను తాళంకప్ప జేబులో వేసుకుని చెప్పుల్లో కాలు పెడుతున్నాడు. అప్పుడే ఇంటిగోడ మొదలుపెట్టింది: "తెక్కలకోట బస్సు తప్పినోళ్లకు రుద్రమ్మ..." అక్కడ గోడ తడబడింది. రాయి లోపల టక్కుమంది. దూలం కింద వెంట్రుకంత బీట కనిపించింది.

అతని భార్య నాగరత్నమ్మ చేట పక్కన పెట్టి గోడను నిమిరింది. "మీరు ఆ అంగడికి తాళమేస్తే ఈ గోడ అబద్ధమాడాల్సొస్తాది. రాయికి అది చేతగాదు. పగుల్తాది. ఇల్లు కావల్లో, క్యాసెట్లు కావల్లో చూసుకోండి."

కోదండరామి బీట మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత బస్టాండు దిక్కు నడిచాడు. వెనకాలే జయశీల.

బస్టాండు చేరేసరికి ఆఖరు బస్సు ఎర్రదీపాలు దూరమవుతున్నాయి. జేబులోంచి తీసిన తాళంకప్ప చూసి రుద్రమ్మ చేతిలో గరిటె ఆగింది. అతను దాన్నీ, తాళంచెవినీ ఆమె ముందు పెట్టి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఇంక అంగడి తాళం నువ్వే వేసుకో, నువ్వే తీసుకో" అన్నాడు. అతని ఇల్లు రెండు వీధుల అవతలే. అయినా గొంతు సవరించుకుని, "నాకూ బస్సు తప్పిపోయిందమ్మా" అన్నాడు.

రుద్రమ్మ ప్లేటు మీది మూత తీసింది.