అక్క చదివినంతవరకు

మా చెల్లెలు భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచిందంటే అది బడి. గుడ్డ మడిచి పెట్టేస్తే ఇల్లు. గుడ్డ ఉన్నంతసేపు కూతురు తనని అమ్మా అనకూడదు, టీచర్ అనాలి. ఒకసారి పిల్ల దాహమేసి "అమ్మా, నీళ్లు" అంటే, అమ్మగారు బయటికెళ్లారు, నీళ్లు టీచర్ ఇస్తారు అని తనే గ్లాసు తెచ్చి ఇచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైంది కనక నాకది గుర్తుండిపోయింది.

మేం ఒకే భవనంలో ఉంటాం. వాళ్లు పైన, మేం కింద. చెల్లెలికి ఇద్దరు ఆడపిల్లలు. పెద్దపాప నాలుగో తరగతిలో ఉండగా ఒకనాడు బడి నుంచి తలనొప్పితో వచ్చింది. మెదడువాపు అన్నారు ఆసుపత్రిలో. వారం తిరక్కుండానే పోయింది. రెండోది అప్పటికింకా అక్షరాలు దిద్దుతోంది. బొద్దుగా ఉండేది కనక వాళ్ల నాన్న దాన్ని బుడంకాయ అనేవాడు. ఇప్పుడు సన్నబడి పొడుగు సాగినా పేరు అలాగే ఉండిపోయింది. పెద్దది పోయాక చెల్లెలు దీన్ని బడి మాన్పించేసింది. బడివాళ్ల తప్పేమీ లేదని తనకీ తెలుసు. గేటు దగ్గర పిల్లని వదిలి వెనక్కి తిరగడం తన వల్ల కాలేదు, అంతే.

ఇంట్లో చదువు చెప్పుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందని తనే కనుక్కుంది. విద్యాశాఖకి ముందుగా రాసి ఇవ్వాలి. ఫలానా సబ్జెక్టులు చెప్పి తీరాలి. పిల్ల వయసుకి తగ్గ చదువు అందుతోందో లేదో చూడటానికి ఏడాదికోసారి అధికారి వస్తే కూర్చోబెట్టి చూపించాలి. బడి మాన్పించే హక్కు తల్లిదండ్రులదైతే, ఆ తర్వాతి బరువూ వాళ్లదే. చెల్లెలు ఆ బరువుని తేలిగ్గా తీసుకోలేదు. మేడ మీద కర్ర నిలబెట్టి నీడలు కొలిపించేది. వంటింటి తక్కెడలో కిలోలూ గ్రాములూ నేర్పేది. మధ్యాహ్నం నీడ ఎందుకు కురచవుతుందో, డిగ్రీ చదివిన నాకు కూడా, మెట్ల మీద నిలబడి వింటేనే సరిగ్గా తెలిసింది.

చిక్కల్లా ఒక్కటే. పుస్తకాలు పెద్దపాపవి. అది ఎంతవరకు చదివిందో అంతవరకు అంచున పెన్సిల్ టిక్కులుంటాయి. లెక్కల్లో అవి భిన్నాల కూడిక దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాతి పేజీలు ఇప్పటికీ కొత్త పుస్తకం వాసనే. బుడంకాయ అక్కడికి చేరిన రోజు చెల్లెలు పుస్తకం మూసి, ఒకసారి మొదటినుంచి తిరగేద్దాం అంది. తిరగేశారు. మళ్లీ అక్కడికొచ్చారు, మళ్లీ మొదటికెళ్లారు. క్రితం ఏడాది తనిఖీకి వచ్చినాయన నాలుగో తరగతి లెక్కలు అడిగి, భేష్ అని సంతకం పెట్టి వెళ్లాడు. పిల్లకి అక్క వయసు వచ్చింది, దాటింది కూడా. పాఠం మాత్రం దాటలేదు.

మా మరిది లిఫ్టు మెకానిక్. ఒకరోజు పని నుంచి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగాడు. "మా ఇంటి లిఫ్టు నాలుగో అంతస్తు దాటట్లేదు వదినా. ఏ మీట నొక్కినా కిందికే వస్తోంది. ఊళ్లో వాళ్ల లిఫ్టులన్నీ బాగుచేస్తాను గానీ, దీని మీద చెయ్యి వెయ్యాలంటే చెయ్యి రావట్లేదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనొకసారి చెల్లెల్ని కదిలించి చూశాను. పునాది గట్టిపడాలక్కా అని లేచి, ఎండిన బట్టలు తీసుకురావడానికి మేడ మీదికి వెళ్లిపోయింది.

పిల్ల మాత్రం ఆగలేదు. సాయంత్రాలు మా ఇంటికొచ్చి, మా అబ్బాయి పాత పుస్తకాలు అటక మీంచి దింపించుకుంది. నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన చేరి అడిగేది. భిన్నాల గుణకారం అలాగే వచ్చేసింది. దశాంశాలూ వచ్చేశాయి. వెళ్లేటప్పుడు పుస్తకం నా దగ్గరే పెట్టి వెళ్లేది. పైకి తీసుకెళ్లవేమే అంటే, "వద్దు పెద్దమ్మా. ఇది కింది చదువు" అంది.

ఈ ఏడాది తనిఖీకి పెద్దావిడ వచ్చారు. తల నెరిసింది, మాట మెత్తన. పిల్లని బడికి పంపమంటారేమోనని చెల్లెలికి పొద్దుటినుంచీ ఒకటే కంగారు. తోడుండమని నన్ను పిలిచింది. మరిది పని మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరింటికో వచ్చినవాడిలా గోడవారగా కూచున్నాడు.

బుడంకాయ చక్కగా చదివింది. నీడల సంగతి చెప్పింది. అధికారి ముచ్చటపడి, మీరేం చదివారమ్మా అని చెల్లెల్ని అడిగారు కూడా. తర్వాత లెక్కల పుస్తకం తీసి అట్ట మీద పేరు చూశారు. ఇదెవరి పేరని అడిగితే, పెద్దమ్మాయిదండీ అంది చెల్లెలు. ఏ బడిలో చదువుతోందని ఆవిడ అడిగారు. చెల్లెలు బల్ల మీది గుడ్డ అంచు సర్దసాగింది.

"అక్క లేదండీ" అంది బుడంకాయ.

ఆవిడ పుస్తకం నెమ్మదిగా కింద పెట్టారు. తర్వాత, ఈ వయసు పిల్లలకి మామూలుగా వచ్చే లెక్క ఒకటి, భిన్నాల గుణకారం, కాగితం మీద వేసి ఇచ్చారు. అంతకుముందు వారమే మా ఇంట్లో అలాంటివి అది నోటితో చేసింది. ఇప్పుడు కాగితం వంక చూసింది, వాళ్లమ్మ వంక చూసింది. అక్కడిదాకా ఇంకా రాలేదండీ అంది.

పోనీ అని ఆవిడ ఇంకా తేలిక లెక్కకి దిగారు. "ఇంట్లో ఒక రొట్టె ఉందనుకో. సగం కోశావు. ఆ సగంలో మళ్లీ సగం కోస్తే, మొత్తంలో ఎంత?"

"తెలీదండీ."

చెల్లెలు తలెత్తి పిల్ల మొహంలోకి చూసింది. పావు కిలో తూకం వెయ్యడం ఆ పిల్లకి తనే నేర్పింది.

అధికారి చెప్పాల్సింది చెప్పారు. కసురుకోలేదు. మీరు చెప్పిన చదువు బావుందమ్మా, కానీ పిల్ల వయసుతోపాటు అది ముందుకి నడవలేదు అన్నారు. రెండు దారులున్నాయట. బడిలో వెయ్యడం ఒకటి. ఇంట్లోనే ఉంచుకుంటే పై పాఠాలకి ఒక ట్యూటర్ని పెట్టుకుని, కొన్నాళ్లకి మళ్లీ చూపించడం ఇంకొకటి. ఆలోచించుకుని చెప్పమన్నారు. వెళ్తూ వెళ్తూ పిల్ల తల నిమిరారు.

ఆవిడ మెట్లు దిగాక కూడా ఎవరం లేవలేదు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ అలాగే ఉంది.

"సగంలో సగం నీకు తెలీదా?" అంది చెల్లెలు.

"పావు."

"ఆ కాగితం మీది లెక్క?"

పిల్ల నా వైపు చూసింది. నేను తలాడించాను. పెన్సిల్ తీసుకుని గబగబా చేసి తల్లి ముందుకి జరిపింది. తప్పేమీ లేదు.

"మరి ఆవిడ అడిగితే ఎందుకు చెప్పలేదే?"

"అక్కకి అది రాదు కదమ్మా."

టీచర్ అనలేదు. చెల్లెలు సరిదిద్దనూ లేదు. ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చాలాసేపు చూస్తూ కూచుంది, అందులో ఇంకా తప్పేదో దొరకాల్సినట్టు. మరిది లేచి వరండాలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు ట్యూటర్ల గురించి వాకబు చెయ్యమంటావా అని మరిది అడిగితే, వద్దంది. "నా ఎదురుగా అది నేర్చుకోదు. వచ్చినా రాలేదంటుంది. బడిలో వేద్దాం" అంది. అంటున్నప్పుడు కూరగాయల కత్తి చేతిలో ఉంది. మాట అయిపోయాక ఆ కత్తితో ఏం చెయ్యాలో తోచనట్టు దాన్ని కడిగి పక్కన పెట్టేసింది.

బడికి చెల్లెలూ నేనూ పిల్లని తీసుకెళ్లాం. గేటు దగ్గర చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది. లోపలికి వెళ్లేదాకా వదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ గదిలో చొక్కాల మీద సిరా మరకలతో ఇద్దరు పిల్లలు ఏదో శిక్షకి నిలబడి ఉన్నారు. ఆవిడ వాళ్లని పంపించేసి తనిఖీ నివేదిక చదివారు. నాలుగు మధ్యదాకా వచ్చునని ఉంది కాబట్టి నాలుగులోనే వేసుకుంటామన్నారు. తోటి పిల్లలు ఒకటి రెండేళ్లు చిన్నవాళ్లయినా ఫరవాలేదు, ఇబ్బంది పడకుండా కలిసిపోతుందన్నారు. మంచి మనసుతోనే అన్నారు.

తల్లి ఎటంటే అటే అన్నట్టు నిలబడింది బుడంకాయ. చెల్లెలు సరేనంటే చాలు, పిల్ల నాలుగులో కూచుంటుంది. అవే పాఠాలు, అదే పెద్దపాప తరగతి. తను ఆ మాట అనేస్తుందేమోనని నేను తన మొహమే చూస్తున్నాను.

"నాలుగు వద్దండీ. దాటేసింది" అంది చెల్లెలు.

నివేదికలో అలా లేదే అన్నారు ఆవిడ.

"అడగండి. చెప్తుంది. నేనుంటే చెప్పదు, బయట కూచుంటాను."

పిల్ల గభాల్న వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది. చెల్లెలు ఆ వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది. "తెలిసిందంతా చెప్పమ్మా. నాకేం కాదు" అంది. గొంతు మామూలుగానే ఉంది. వెనక్కి చూడకుండా బయటికి నడిచింది, వెనకే నేనూ.

వరండాలో గోడవారగా బెంచీ ఉంది. కూచున్నాం. తలుపు మూశారు గానీ కిటికీ తెరిచే ఉంది. మొదట చాలాసేపు హెడ్‌మిస్ట్రెస్ గొంతు ఒక్కటే వినిపించింది. తర్వాత బుడంకాయ సన్నగా ఏదో అంది. మళ్లీ అంది. క్రమంగా ప్రశ్నకీ జవాబుకీ మధ్య సందు తగ్గిపోయింది. భిన్నాలు అయ్యాయి, దశాంశాల్లోకి వెళ్లారు.

"ఇవన్నీ ఎప్పుడు నేర్చుకుందక్కా?" అంది చెల్లెలు. నేను జవాబు చెప్పేలోపే వద్దన్నట్టు చెయ్యి ఊపింది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి వచ్చిన ప్రతి జవాబుకీ తన భుజాలు కొంచెం కొంచెంగా కుంగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది.

ఇంతలో లోపల జవాబు ఆగింది. చూస్తే, పిల్ల కిటికీలోంచి మెడ సాచి వాళ్లమ్మ కోసం వెతుకుతోంది.

చెల్లెలు లేచింది. కిటికీకి కనపడకుండా వరండా చివరిదాకా నడిచి, స్తంభం చాటున గోడకేసి తిరిగి నిలబడింది. కొంతసేపటికి లోపల పిల్ల మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.