పింఛను ఉన్న ఇంటి పిల్ల

జ్యోతిలక్ష్మి మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో ఒక హాస్టల్ వంటింట్లో పనిచేస్తుంది. పొద్దున అటుకుల పోహాతో మొదలుపెడితే మధ్యాహ్నం వరణం పప్పు దించేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలడానికి ఉండదు. భర్త మొగిలి లారీ మీద పోతే వారాల తరబడి రాడు. ఇంట్లో ఉండేది ఏడాదిన్నర పిల్ల అక్షిత, మామ సమ్మయ్య. సమ్మయ్య బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. మంచం నుంచి నల్లా దాకా నడిస్తేనే ఆయాసం.

ఎండాకాలంలో ఒకరోజు ఆయన దగ్గుతో వంగిపోయి ఉండగా అక్షిత గడప దాటి రోడ్డెక్కింది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. ఎదురింటి లచ్చయ్య చూసి ఎత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం సమ్మయ్య అన్నం ముట్టలేదు.

పనికి పోయే తల్లుల పిల్లల్ని పగలంతా చూసుకోవడానికి వాడలో సర్కారు పాళణాఘర్ ఒకటి ఉంది. జ్యోతిలక్ష్మి అర్జీ పెట్టింది. అది తిరిగొచ్చింది. రేషన్ కార్డులో సమ్మయ్య పేరుంది, ఆయన పింఛను కలిపితే ఇంటి ఆదాయం పరిమితి దాటిందట. ఆ పింఛను ఆయన మందులకే చాలడం లేదని ఎవరూ అడగలేదు.

అర్జీలు రాసిపెట్టే కనకరాజు ఉపాయం చెప్పాడు. "మామ నిన్ను, పిల్లను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండని ఒక్క ముక్క రాసియ్యి. ఆయన పింఛను నీ లెక్కల రాదు, పనైపోతది."

సమ్మయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "రాయి బిడ్డా. నాకేం పోతది? ఉట్టి కాగితమే గద."

"నేను రాయ మామా. నేను బాలింతగున్నప్పుడు పిల్ల గుడ్డలు పిండి ఆరేసిన మనిషివి నువ్వు. నిన్ను గట్ల రాసి తెచ్చుకునేది నాకొద్దు."

"మరేం జేస్తవ్?"

"పోయి అడుగుత."

"నేను గూడ వస్త," అన్నాడు సమ్మయ్య. వద్దన్నా వినలేదు.

పాళణాఘర్ అర్జీలు చూసే ఆఫీసు చంద్రపూర్‌లో ఒక మేడ మీద ఉంది. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ ఎక్కాడాయన. సూపర్‌వైజర్ మేడం అర్జీ చూసి మరాఠీలో అంది: "నియమం అందరికీ ఒకటే. అయినా ఇంట్లో తాత ఉన్నాడు కదా? పింఛనూ ఉంది, పిల్లను చూసే మనిషీ ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

జ్యోతిలక్ష్మి ఒళ్లో ఉన్న అక్షితను కిందికి దింపింది.

పిల్ల ఒకసారి చుట్టూ చూసి తలుపు వైపు ఉరికింది. బయట వరండా, వరండా చివర మెట్లు. సమ్మయ్య లేచాడు. బల్ల దాటకముందే దగ్గు తెర ఆయన్ను వంచేసింది. జ్యోతిలక్ష్మి మాత్రం లేవలేదు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"అరే, మెట్ల వైపు పోతోంది! పట్టుకో!" మేడం అరిచింది.

జ్యోతిలక్ష్మి కూడా మరాఠీలోనే అంది. "ఈ టైముకు నేను హాస్టల్ల పొయ్యి ముందర ఉంట మేడం. ఇంట్ల ఉండేది ఆయనే. పట్టుకుంటడేమో చూడుండ్రి."

మేడం కుర్చీ వెనక్కి తోసి తనే పరుగెత్తింది. చివరి క్షణంలో గౌను అంచు చేతికందింది. ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని రొప్పుతూ వచ్చింది.

"అసలు నువ్వు తల్లివేనా?"

"తల్లినే. అందుకే వచ్చిన." జ్యోతిలక్ష్మి పిల్లను అందుకుని భుజాన వేసుకుంది. "రోజూ వంట కాడ నా కండ్ల ముందర ఆడేది గిదే. మీరు ఒక్కసారి చూసిండ్రు. ఆయన పింఛను కలిపిండ్రు, మంచిదే. ఆయన దగ్గు ఏ లెక్కల కలిపిండ్రు?"

మేడం తన ముందున్న నీళ్ల గ్లాసు సమ్మయ్య వైపు జరిపింది.

"పరిమితి మార్చడం నా చేతుల్లో లేదు. డాక్టరు రాసింది తెచ్చివ్వు, పైకి పంపిస్తాను. జవాబు వచ్చేదాకా..."

"జవాబు వచ్చేదాకా పిల్ల రేపటిసంది పాళణాఘర్‌కు వస్తది. వద్దంటే మీరే వచ్చి వాపస్ పంపుండ్రి."

మర్నాడు పాళణాఘర్‌లో పిల్లల్ని చూసే ప్రతిభాతాయి గేటు దగ్గర తటపటాయించి మేడంకు ఫోన్ చేసింది. అవతల నుంచి "ఉండనీ" అన్న మాట జ్యోతిలక్ష్మికీ వినిపించింది. అక్షిత లోపలికి పోయి వేరే పిల్ల చేతిలో బొమ్మ లాక్కుంది. ఆ రోజు హాస్టల్లో జ్యోతిలక్ష్మి ధ్యాస పొయ్యి మీదే ఉంది, వరణం మాడకుండా దిగింది.

వానలు తగ్గాక, డాక్టరు కాగితంతో పంపిన అర్జీకి పైనుంచి జవాబు వచ్చింది. పింఛను కూడా ఆదాయమే, కుదరదు.

"ఇప్పుడెట్లా?" అంది ప్రతిభాతాయి.

"మళ్లీ రాస్త."

ఈసారి ఒక్కతే రాయలేదు. గని పింఛను తీసుకునే ముసలివాళ్లు ఆ వాడలో చాలా ఇళ్లలో ఉన్నారు. ఆ ఇళ్ల కోడళ్లందరినీ కలిసింది. సమ్మయ్య కూడా ఒక్కో గుమ్మం ముందు కూర్చుని, ఊపిరి కుదిరినప్పుడల్లా ఒక మాట చెప్పుకుంటూ, తోటి ముసలివాళ్లను ఒప్పించాడు. అందరి వేలిముద్రలు, సంతకాలతో అర్జీ పోయింది.

దానికి ఇంకా జవాబు రాలేదు. అక్షిత పేరు పాళణాఘర్ రిజిస్టర్‌లో ఎక్కలేదు గానీ రోజూ పోతూనే ఉంది. పిల్లను తీసేయమని ఎవరైనా వస్తే ఆ రోజు పనికి సెలవు పెట్టి గేటు ముందు నిలబడతామని పక్కింటి బాలమ్మ, ఆమె కోడలు ముందే చెప్పి ఉంచారు.