పెన్సిలుతో చెరిపిన మచ్చలు

అమ్మ చనిపోయిన నాలుగో నెలలో మామయ్య నా పెళ్ళి కోసం పేపర్లో ప్రకటన వేయించాడు. ఉత్తరం రాసిన ఒకాయనకు నా ఫోటో పంపాడు. నా ముఖం నిండా మశూచి మచ్చలు. స్టూడియో ఆయన నెగెటివ్ మీద పెన్సిలుతో వాటిని మాయం చేశాడు.

ఆదివారం ఆయన, పేరు సుదర్శనం, నెక్కొండ నుంచి సుబేదారిలోని మా ఇంటికి వచ్చాడు. తల్లికి నడవరాదు కాబట్టి ఒక్కడే వచ్చాడు.

"జర చీకట్ల కూసో బిడ్డా. పెండ్లయినంక ఎంత ఎండలనన్న కూసుందువు," అన్నాడు మామయ్య నా చెవిలో.

రేపు బడిలో పాఠం చెప్పడానికి నలభై మంది పిల్లల ముందు వెలుతురులోనే నిలబడాలి. కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాను.

ఆయన నన్నూ ఫోటోనూ మార్చి మార్చి చూశాడు.

"ఇది మీరేనా?"

"నేనే. మచ్చలు స్టూడియోల తీసేసిన్రు."

మామయ్య దగ్గాడు.

"అయితే ఇది వాపస్ తీసుకోండ్రి," అంటూ ఆయన ఫోటోను బల్ల మీద పెట్టాడు. నేను లేవబోతుంటే ఆయనే మళ్ళీ అన్నాడు, "మచ్చలున్నది ఇయ్యుండ్రి. మా అమ్మకు చూపియ్యాలె."

అలాంటిది ఒక్కటే ఉంది, నేను మా అమ్మ పక్కన నిలబడి దిగింది. అమ్మ ఫోటో కూడా ఇంట్లో అదొక్కటే. తెచ్చాను గానీ చేతిలోంచి వదలలేకపోయాను.

"మళ్ళ పంపిస్తరా?"

"పోస్టులనైతే ఖరాబైతది," అన్నాడు. "నేనే తెస్త."