ఏప్రిల్ మూడో వారం

ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడ గట్టు మీద డాఫొడిల్ పూల మధ్య చెత్త ఏరాలంటే అడ్డంగా నడవాలి. పైనుంచి కిందికి నడిస్తే కాలు జారుతుంది, జారినవాడు తనతో పాటు పది పూల దుబ్బుల్ని పట్టుకుపోతాడు. నెవిల్ వెదరిల్ ముప్ఫయ్యొక్క వసంతాలుగా అడ్డంగానే నడుస్తున్నాడు. ఆ శుక్రవారం పొద్దున ఏడున్నరకి కూడా ఎడమ కాలు ఎగువన, కుడి కాలు దిగువన ఆనించి, పూల మొదట్లో ఇరుక్కున్న చేపల వేపుడు పొట్లాన్ని పొడుగాటి పటకారుతో లాగుతున్నాడు. ముందురోజు తాగినవాళ్ళు గోడ మీంచి విసిరినవి ఇంకా చాలానే ఉన్నాయి.

పొడుగ్గా, కాస్త ముందుకి వంగి, ఎప్పుడూ పొట్టి గుమ్మంలోంచి దూరబోతున్నట్టు ఉంటాడు. పెద్ద చెవులు చలికి ఎర్రబడి ఉంటాయి. వేళ్ళ గణుపుల్లో చేరిన మట్టి ఏ సబ్బుకీ లొంగదు. ఆ ఊరు చూడ్డానికి వచ్చే జనం తీసుకునే ఫొటోల్లో వందలకొద్దీ అతను పడి ఉంటాడు, గోడకీ పూలకీ మధ్య ఎక్కడో, వీపు చూపిస్తూ. వాటిలో ఒక్కటైనా అతని కోసం తీసింది కాదు.

చలికాలం నుంచి పది అడుగులకోసారి ఆగాల్సి వస్తోంది. ఆగినప్పుడు రొప్పుతూ నిలబడితే బాగుండదని, నడుం మీద చెయ్యి వేసి పూలకేసి చూస్తున్నట్టు నిలబడతాడు. పైన గోడ మీద నడిచేవాళ్ళు ఆ ముసలాయనకి పూలంటే ఎంత ఇష్టమో అనుకుని ముచ్చటపడతారు.

"ఏం మహానుభావా! ఇవాళేగా ఆస్పత్రి?" కింద రోడ్డు మీంచి కీత్ అరిచాడు.

కీత్ పొట్టిగా, గుండ్రంగా ఉంటాడు. గడ్డి మిషన్ అతనిది. ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోడు. నెవిల్‌తో కలిసి ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరి తోటపని చేస్తున్నాడు.

"పదింటికి."

"ఎన్నింటికి?"

"పదింటికిరా బాబూ."

"గడ్డమన్నా గీక్కోవాల్సింది. నర్సమ్మలు నిన్ను చూసి చెవుల డాక్టరు దగ్గరికి కాదు, పశువుల డాక్టరు దగ్గరికి పంపిస్తారు!"

గుండె పరీక్షల్ని చెవుల పరీక్షలని చెప్పింది నెవిలే. ఆ అబద్ధం ఆడినప్పటి నుంచి కీత్ అతనితో గొంతు చించుకుని మాట్లాడుతున్నాడు. ఇప్పుడు నిజం చెప్పి ఆ అరుపులన్నీ వృథా అని తేల్చడానికి నెవిల్‌కి మనసొప్పలేదు.

"ఇవాళ నది వైపు అంతా నేను చూసుకుంటాలే," అని అరిచి కీత్ మిషన్ ఎక్కాడు.

నెవిల్ తలూపాడు. నది వైపంటే నది వైపనే అనుకున్నాడు.

ఊళ్ళో యాత్రికుల కార్యాలయం ఒకటుంది. వసంతం ఎక్కడెక్కడ చూడవచ్చో చెబుతూ వాళ్ళు ఏటా ఒక కరపత్రం వేస్తారు. దానికోసం అక్కడి అమ్మాయి సోమవారాలు నెవిల్‌కి ఫోను చేస్తుంది. స్నోడ్రాప్‌లు పాత శ్మశానంలో అయిపోయాయి, క్రోకస్‌లు వంతెన పక్కన వాడిపోతున్నాయి, డాఫొడిల్స్ గోడ చుట్టూ ఇంకో పది రోజులు, చెర్రీ పూలు స్టేషన్ వెనక, బ్లూబెల్స్ మే మొదట్లో ఊరవతల అడవిలో. అతను చెప్పేది అచ్చులో చూసుకుని జనం బస్సులెక్కి వస్తారు. అందులో అతని పేరు ఎప్పుడూ లేదు, ఉండాలని అతనికీ తోచలేదు.

ఈ సోమవారం మాత్రం ఒక ముక్క తనంతట తనే కలిపాడు. "సెయింట్ ఆస్విన్ చర్చి వెనక, పాముతల పూలు. ఏప్రిల్ మూడో వారం అని రాయమ్మా."

"అక్కడెప్పుడూ లేవు కదండీ?"

"ఇప్పుడున్నాయి."

ఆ మాట అన్నాక ఫోను పెట్టేసి, వంటింట్లో ఒక్కడే నిలబడి, నవ్వాడు.

ఆ పూలు బెరిల్‌వి. బెరిల్ అతని భార్య, బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనం వడ్డించేది. ఏడేళ్ళ కిందట ఒక జూన్ నెలలో ఇద్దరూ బస్సులో ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. అక్కడి పచ్చిక బయల్లో పాముతల పూలుంటాయని, ఊదారంగు మీద గళ్ళ రుమాలు లాంటి గళ్ళతో తల వంచుకుని వేలాడతాయని బెరిల్ ఎక్కడో చదివింది. వెళ్ళేసరికి ఎండు కాయలు నిలబడి ఉన్నాయి. "ఏప్రిల్లో రావాలమ్మా," అన్నాడు కాపలావాడు. బెరిల్‌కి ఒళ్ళు మండింది. "ఇంత దూరం వచ్చింది కాడలు చూడ్డానికా?" అని గొణిగి, కాపలావాడు అటు తిరగ్గానే ఒక కాయ విరిచి కళ్ళజోడు పెట్టెలో దాచేసింది. జీవితంలో ఆవిడ చేసిన దొంగతనం అదొక్కటే. బస్సులో వచ్చినంతసేపూ పోలీసులు వెంట పడుతున్నట్టు వెనక్కి చూస్తూనే ఉంది.

ఆ గింజలు చర్చి వెనక మూల చల్లారు. అక్కడ నేల తడి ఆరదు, ఆ పూలకి అదే కావాలి. అయితే పాముతల పువ్వు గింజ పూత పట్టేలోగా మనిషి ఓపిక పట్టాలి. మొదటి ఏడు సన్నటి ఒక్క ఆకు, అచ్చం గడ్డి పరకే. రెండో ఏడూ అంతే. మూడో ఏడు బెరిల్ పోయింది. అది గడ్డి కాదని చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరుండేవాళ్ళు, ఆ తర్వాత ఒక్కడు మిగిలాడు. జనానికి తెలిస్తే తవ్వుకుపోతారని బోర్డు పెట్టలేదు. నాలుగు మూలలా నాలుగు పుల్లలు గుచ్చి, ఆ చాపంత చోటు వదిలేసి చుట్టూ మాత్రం కొడవలితో కోసేవాడు.

ఈ ఏడు కాడలు లేచాయి. నిన్న సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో గడ్డి పాయలు తీసి చూస్తే పదకొండు మొగ్గలు. బియ్యపుగింజంత, ఆకుపచ్చగా, ఇంకా రంగు రాలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. గుండె బొమ్మ తెర మీద చూపించింది, అది బద్ధకంగా కదులుతోంది.

"ఇంట్లో ఎవరున్నారు వెదరిల్ గారూ?"

"ఎవరూ లేరమ్మా."

"పని మానేశారు కదూ?"

"ఏప్రిల్ ఆఖరుకి మానేస్తాను."

"పోయినసారే మానెయ్యమన్నాను. ఏప్రిల్ ఆఖరుదాకా ఎందుకు?"

"ఒకటి చూడాల్సింది ఉంది."

ఆవిడ కాసేపు అతని మట్టి గోళ్ళకేసి చూసింది. "వేసవి అని నేను మాటివ్వలేను," అంది మెల్లగా. "ఏప్రిల్ అంటే... ఏప్రిల్ చూస్తారనే అనుకుందాం."

నెవిల్‌కి ఆ మాట చాలు. ఆస్పత్రి గుమ్మం దిగుతూ, మూడో వారానికి ఇంకా ఎన్ని రోజులో వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకున్నాడు. పద్దెనిమిది రోజులు. పద్దెనిమిది రోజులు ఎవరైనా బతుకుతారు. ఆ పూలు విచ్చుకున్న రోజు ఆ తడి నేల మీదే కూర్చుని, బెరిల్‌తో చెప్పాల్సిన మాట చెప్పేస్తే తర్వాత ఏమైనా అతనికి అక్కర్లేదు. ఆ మాట కూడా పెద్దదేం కాదు. "వచ్చాయే," అని.

బస్సు చర్చి దగ్గర ఆగింది. దిగగానే కోసిన గడ్డి వాసన కొట్టింది.

వాసన నది వైపు నుంచే వస్తోందని తనకి తాను చెప్పుకుంటూ చర్చి పక్కగా వెనక్కి నడిచాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. మూల మలుపు తిరిగాడు. నేలంతా ఒకే ఎత్తున, శుభ్రంగా, కొత్తగా క్షవరం చేసిన తలలా ఉంది. నాలుగు పుల్లలూ కట్టగా గోడకి ఆనించి ఉన్నాయి. మిషన్ పక్కన కీత్ నిలబడి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు, చెమటలు కారుతున్నాయి, మొహం వెలిగిపోతోంది.

"వచ్చావా! చూశావా ఎలా ఉందో! నీ పని కూడా అవగొట్టేశాను. ఈ మూల ఏమిట్రా అంత అడివి చేసి పెట్టావు? పుల్లలు కూడా పాతావు, ఎవణ్ణన్నా చంపి పూడ్చావా ఏం?"

నెవిల్ ఆ పుల్లల కట్టకేసి చూశాడు.

"చెవుల సంగతి తర్వాత, నీకు ఆయాసం వస్తోంది. నేను చూడట్లేదనుకున్నావా? కొన్నాళ్ళు ఈ చర్చి తోట నాకొదిలెయ్. నువ్వు అడగవు. అడిగితే నీ సొమ్మేం పోతుంది?"

ఒకసారి, చాలా ఏళ్ళ కిందట, మిషన్ కింద కుందేలు పిల్ల పడితే కీత్ వారం రోజులు మధ్యాహ్నం తిండి ముట్టలేదు. తెచ్చుకున్న రొట్టెలు బాతులకి వేసేవాడు. ఇప్పటికీ ఆ దారిన మిషన్ నడిపేటప్పుడు ముందు దిగి, చప్పట్లు కొడుతూ నడిచి వెళ్ళి, మళ్ళీ వచ్చి ఎక్కుతాడు. నెవిల్‌కి అది గుర్తొచ్చింది. అతని లోపల ఏదో ఒక్కసారి కూలిపోయింది, అయినా నిలబడే ఉన్నాడు.

"మంచి పని చేశావురా," అన్నాడు.

"ఏంటీ?"

"మంచి పని చేశావన్నాను."

"టీ తాగుతావా?"

"కాస్త పొయ్యి."

ఇద్దరూ చర్చి మెట్ల మీద కూర్చుని టీ తాగారు. వాళ్ళిద్దరూ కలిసి తాగిన టీ ఒక చెరువుకి సరిపోతుంది, ఒకరి మనసులో మాట ఇంకొకరికి చెప్పుకున్నది మాత్రం గుక్కెడు కూడా ఉండదు. కీత్ వేడి టీ ఊదుకుంటూ, వచ్చేవారం ఇంకా పొట్టిగా కోస్తానన్నాడు. తర్వాత మిషన్ ఎక్కి వెళ్ళిపోయాడు.

నెవిల్ ఆ మూలకి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెగిన గడ్డిని వేళ్ళతో దువ్వాడు. ఒక మొగ్గ దొరికింది, సగం. దుంపలు నేలలో బతికే ఉంటాయని అతనికి తెలుసు. ఆకులు పోయాయి గనక వచ్చే ఏడు నీరసంగా ఉంటాయి, ఆ పై ఏడు మళ్ళీ మొగ్గ తొడగచ్చు. అంత కాలం తనకి లేదని కూడా తెలుసు. ఏడేళ్ళు కాచి పద్దెనిమిది రోజుల దూరంలో పోగొట్టుకున్నాడు. అతనికి ఏడవాలనిపించింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఏమండీ, ఇదేనాండీ ఆస్విన్ చర్చి?"

ఇద్దరు ఆడవాళ్ళు, అక్కచెల్లెళ్ళలా ఉన్నారు, చేతిలో కరపత్రం. ఆ పొద్దునే అచ్చయి వచ్చినట్టుంది. పెద్దావిడ వేలితో చివరి లైను చూపించింది. "ఇది ఏప్రిల్ మూడో వారం అని వేశారు. ఎలాగూ ఇటు వచ్చాం కదా, చోటు చూసి పోదామని. ఎక్కడండీ ఆ పూలు?"

నెవిల్ లేచి నిలబడటానికి గోడ పట్టుకున్నాడు. "ఇక్కడే," అన్నాడు.

ఇద్దరూ ఆ గడ్డికేసి చూశారు.

"ఇక్కడ గడ్డే కదండీ ఉంది?" అంది చిన్నావిడ.

"అవి మొదట్లో గడ్డిలాగే ఉంటాయమ్మా."

"అమ్మో, మీరు చెప్పకపోతే తొక్కేసేదాన్ని!" అని ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. "అయితే మూడో వారం తప్పకుండా వస్తాం. మీరుంటారుగా?"

"రండి," అన్నాడు నెవిల్.

ఐదింటికి పనిముట్ల షెడ్డులో అతనొక్కడే ఉన్నాడు. విరిగిన బెంచీ చెక్క ఒకటి తీసి తుడిచాడు. ఆటస్థలంలో గీతలు గీసే తెల్లరంగు డబ్బా మూత తీసి, సన్న కుంచె ముంచి, మొదటి మాట రాశాడు. చేతిరాత గుండ్రంగా వచ్చింది. తర్వాత కుంచె గాల్లోనే ఆగిపోయింది. కోయవద్దు అని రాస్తే కీత్ చదువుతాడు. ఎందుకు కోయవద్దని అడుగుతాడు, అడిగాక తెలుసుకుంటాడు, తెలిశాక ఇంకెప్పుడూ టీ పొయ్యడు. తొక్కవద్దు అని రాస్తే అది గడ్డి మీద రాసే మాట, దాన్ని ఎవడూ లెక్కచేయడు. రాయకపోతే వచ్చేవారం కీత్ ఇంకా పొట్టిగా కోస్తాడు, ఆ పై వారం కూడా కోస్తాడు, అప్పుడు దుంపలు కూడా మిగలవు. కుంచె కొసన రంగు ఎండిపోయేదాకా ఆలోచించాడు. ఏ మాటా దొరకలేదు. చెక్కని సంచుల వెనక దూర్చి, తాళం వేసి, బస్సెక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం, వంటింటి కుర్చీలో, రేడియోలో వాతావరణం చెబుతుండగా నెవిల్ పోయాడు. సోమవారం కిటికీ తెరలు తియ్యలేదని పక్కింటావిడ గమనించింది. గుండె అని చెబితే కీత్ నమ్మలేదు. "గుండేంటి? చెవులని చెప్పాడే నాతో," అన్నాడు, చెప్పినావిడ తప్పేదో ఉన్నట్టు. అంత్యక్రియలకి ఏడుగురు వచ్చారు.

ఏప్రిల్ మూడో వారంలో కరపత్రాలు పట్టుకుని జనం చర్చి వెనక్కి వచ్చారు. ఆ అక్కచెల్లెళ్ళూ వచ్చారు. కీత్ మిషన్ ఆపి, టోపీ తీసి, అందరికీ ఓపికగా ఒకటే చెప్పాడు. "అచ్చు తప్పండీ. ఇది మా నెవిల్ చూసుకునే మూల, నాకు తెలుసుగా. గడ్డి తప్ప ఏమీ లేదు. ప్రతి వారం నేనే కోస్తున్నాను."

నెలాఖరుకి కొత్త మనిషి వస్తున్నాడని కీత్ షెడ్డు సర్దాడు. సంచుల వెనక ఒక చెక్క దొరికింది. వెలుతురులోకి తెచ్చి చదివి, మిగతాది వెనక ఉందేమోనని తిప్పి చూశాడు. ఏమీ లేదు. చేతిరాత నెవిల్‌దే గనక పారెయ్యబుద్ధి కాక, కిటికీ పక్కన గోడకి ఆనించి పెట్టాడు. తెల్లటి గుండ్రటి అక్షరాలతో 'దయచేసి' అని ఉంది, ఆ తర్వాత చెక్క పొడుగునా ఖాళీ.